బ్రెజిల్ ఫస్ట్ ఛాంపియన్ ఎవరు? రెండుసార్లు మారిపోయిన ఆన్సర్

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న క్విజ్ ప్రశ్నతో మొదలుపెడదాం. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్‌ని మొట్టమొదట గెలిచిన క్లబ్ ఏది?

గూగుల్ చేయకండి, ఆగండి. ఈ ప్రశ్న 2009లో అడిగితే కరెక్ట్ ఆన్సర్ అట్లెటికో మినేరో, 1971. అదే ప్రశ్న 2011లో అడిగితే బాహియా, 1959. ఇప్పుడు అడిగితే మళ్లీ అట్లెటికో మినేరోనే, కానీ 1971 కాదు, 1937. ప్రశ్న అదే, దేశం అదే. ఆన్సర్ మాత్రం రెండుసార్లు మారింది.

ఇది నాకు ఎలా తగిలిందో చెప్తాను. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్ కోసం ఒక ఫుట్‌బాల్ క్విజ్ యాప్ రాశాను. బ్రెజిల్ ఛాంపియన్స్ అని ఒక టేబుల్. బీటెక్‌లో నేర్పినట్టే సంవత్సరాన్ని ప్రైమరీ కీగా పెట్టాను. ఏడాదికి ఒక ఛాంపియన్, ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకున్నా. డేటా లోడ్ చేస్తే 1967 దగ్గర ఎర్రర్, 1968 దగ్గర ఎర్రర్. ఆ రెండేళ్లకీ ఇద్దరేసి ఛాంపియన్లు! 1967లో అయితే ఆ రెండూ ఒకే క్లబ్, పాల్మీరస్. ఇంక 1987 సంగతి తర్వాత చెప్తా, అది ఎర్రర్ కాదు, పెద్ద పంచాయితీ.

ఇదంతా సరిచేసి యాప్ ఇచ్చాక, మా టీమ్‌లో ఉండే మలయాళీ కొలీగ్ ఒకడు దాన్ని వాళ్ల నాన్నగారికి పంపాడు. కేరళలో బ్రెజిల్ ఫ్యాన్స్ ఎలా ఉంటారో మీకు తెలిసే ఉంటుంది. ఆయన 1982 వరల్డ్ కప్ నుంచి బ్రెజిల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. మొదటి ప్రశ్నకే ఫోన్ చేసి, "మీ వాడికి బేసిక్స్ కూడా తెలియవు, ఫస్ట్ ఛాంపియన్ బాహియా ఏంటి, అట్లెటికో కదా" అన్నారట. ఆయన్ని గుర్తుపెట్టుకోండి. ఎపిసోడ్ చివర్లో మళ్లీ వస్తారు.

ఇంత గందరగోళం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు మ్యాప్ చూడాలి. బ్రెజిల్ మన ఇండియాకి సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. ఉత్తరాన అమెజాన్ అడవి మధ్యలో మనౌస్, దక్షిణాన పోర్తో అలెగ్రే. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా గీత గీసినా మూడు వేల కిలోమీటర్ల పైనే. విమానాలు సరిగ్గా లేని రోజుల్లో నేషనల్ లీగ్ ఎలా పెడతారు? పెట్టలేదు. ఎవరి రాష్ట్రంలో వాళ్లు ఆడుకున్నారు. సావో పాలో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ 1902లో మొదలైంది, రియోది 1906లో. ఒక సావో పాలో అభిమానికి స్టేట్ ఛాంపియన్ అయితే చాలు, అదే ప్రపంచం.

మనకీ ఇది కొత్తేం కాదు. ఇండియాలో కూడా చాలాకాలం రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీదే హవా. 1956-57లో, 1957-58లో వరసగా గెలిచింది మన హైదరాబాదే. క్లబ్బుల నేషనల్ లీగ్ మనకి 1996 దాకా రాలేదు. బ్రెజిల్ వాళ్లు మనకంటే ముందే మొదలుపెట్టారు. కానీ వాళ్లు మొదలుపెట్టింది దేశం కోసం కాదు, ఒక ఫారం నింపడానికి!

అవును. 1960లో సౌత్ అమెరికా ఖండం మొత్తానికి కలిపి కోపా లిబెర్టడోరెస్ అనే టోర్నమెంట్ మొదలవుతోంది. ప్రతి దేశం తన ఛాంపియన్‌ని పంపాలి. మరి బ్రెజిల్ ఛాంపియన్ ఎవరు? ఎవరూ లేరు. దాంతో 1959లో హడావిడిగా టాసా బ్రసిల్ అని ఒక నాకౌట్ కప్ పెట్టారు. 16 రాష్ట్రాల ఛాంపియన్లు ఆడారు. ఫైనల్లో ఒకవైపు పెలే ఆడే శాంటోస్, ఇంకోవైపు ఈశాన్యంలోని సాల్వడార్ నుంచి వచ్చిన బాహియా. అందరూ శాంటోస్‌దే అనుకున్నారు. ఫస్ట్ మ్యాచ్ శాంటోస్ సొంత గ్రౌండ్‌లో బాహియా 3-2తో గెలిచింది. రెండోది సాల్వడార్‌లో శాంటోస్ 2-0. మూడోది 1960 మార్చి 29న మరకానాలో పెట్టారు. పెలే ఆ రోజు ఆడలేదు. బాహియా 3-1. దేశంలో ఎవరూ సీరియస్‌గా తీసుకోని ఊరి జట్టు ఛాంపియన్ అయి కూర్చుంది.

తర్వాత 1961 నుంచి 1965 వరకు వరసగా ఐదుసార్లు శాంటోసే. 1966లో మాత్రం బెలో హొరిజోంటే నుంచి క్రుజేరో అని కుర్రాళ్ల టీమ్ ఒకటి వచ్చింది. టోస్టావో, డిర్సెయు లోపెస్ అందులోనే. ఫైనల్ మొదటి మ్యాచ్ హాఫ్ టైమ్‌కి స్కోర్ ఎంతో తెలుసా? శాంటోస్ మీద, పెలే ఉన్న శాంటోస్ మీద, 5-0. చివరికి 6-2. రెండో మ్యాచ్ కూడా క్రుజేరోదే. రియో, సావో పాలో బయట కూడా ఫుట్‌బాల్ ఉంది అని ఆ రెండు నగరాలకి ఆ రోజు గట్టిగా తెలిసొచ్చింది. మరుసటి ఏడాదే, అప్పటిదాకా తమలో తాము ఆడుకుంటున్న రియో-సావో పాలో టోర్నమెంట్‌లోకి మిగతా పెద్ద రాష్ట్రాల క్లబ్బుల్ని కూడా చేర్చారు. దాన్ని అందరూ రోబెర్టావో అని పిలిచేవాళ్లు. టాసా బ్రసిల్ ఆగలేదు, ఇదీ మొదలైంది. అందుకే 1967, 1968లో రెండేసి టైటిల్స్. నా ప్రైమరీ కీ పగిలింది అక్కడ.

1971కి వద్దాం. అప్పుడు బ్రెజిల్‌లో నడుస్తోంది మిలిటరీ ప్రభుత్వం. 1964 నుంచి 1985 దాకా వాళ్లదే. 1970లో వరల్డ్ కప్ మూడోసారి గెలిచారు, దేశం మొత్తం ఊగిపోతోంది. అమెజాన్ అడవిని కోసుకుంటూ హైవే వేస్తున్నారు, దేశాన్ని కలుపుతున్నాం అని ప్రచారం. అదే ఊపులో నేషనల్ ఛాంపియన్‌షిప్. 20 క్లబ్బులు. టెలే సాంటానా కోచ్‌గా అట్లెటికో మినేరో మరకానాలో బోటాఫోగోని 1-0తో ఓడించి గెలిచింది. గోల్ డారియో కొట్టాడు. చాలా ఏళ్లు పుస్తకాల్లో "మొదటి ఛాంపియన్" అంటే ఇదే.

ఇప్పుడు నంబర్లు చూడండి. 1971లో 20 క్లబ్బులు. 1973లో 40. 1976లో 54. 1977లో 62. 1978లో 74. 1979లో 94. తప్పు చదవలేదు, తొంభై నాలుగు. ఇంత ఎందుకు పెరిగింది? మిలిటరీ వాళ్ల పార్టీ పేరు అరేనా. 1975 నుంచి దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రెసిడెంట్ హెలెనో నూనెస్ అనే నేవీ అడ్మిరల్. ఆయనే రియోలో అరేనా పార్టీ నాయకుడు కూడా. ఎక్కడైనా పార్టీకి ఓట్లు తగ్గుతున్నాయంటే, ఆ ఊరి క్లబ్‌కి నేషనల్ లీగ్‌లో ఒక సీటు. జనంలో ఒక సామెతే పుట్టింది: అరేనాకి ఎక్కడ బాగోలేదో అక్కడ నేషనల్‌లో ఇంకో టీమ్. మన దగ్గర ఎలక్షన్ ముందు ఊరికి కొత్త రోడ్డు పడినట్టు అక్కడ ఫుట్‌బాల్ టీమ్ పడేది.

రూల్స్ కూడా ఏటా మారేవి. ఒక సీజన్లో రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఎక్స్‌ట్రా పాయింట్ ఇచ్చారు. గ్రూపుల్లోంచి గ్రూపులు, వాటిలో ఓడినవాళ్లకి ఇంకో దారి. నాకు ఈ ఫార్మాట్లు చదువుతుంటే, డాక్యుమెంటేషన్ లేకుండా పదిమంది రాసిన కోడ్ గుర్తొచ్చింది. 1979లో కొరింథియన్స్, శాంటోస్, సావో పాలో లాంటివాళ్లు మాకొద్దు బాబోయ్ అని తప్పుకున్నారు. ఆ ఏడాది ఫాల్కావో ఉన్న ఇంటర్నాసియోనల్ 23 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా ఓడకుండా గెలిచింది, అది వేరే సంగతి.

కానీ ఓడకుండా ఉండటం వల్ల టైటిల్ వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. 1977 సీజన్‌లో అట్లెటికో మినేరో కూడా ఒక్క మ్యాచ్ ఓడలేదు. వాళ్ల రెయినాల్డో 18 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు. ఫైనల్‌కి సస్పెన్షన్‌తో దూరమయ్యాడు. సొంత గ్రౌండ్‌లో సావో పాలోతో 0-0, పెనాల్టీల్లో పోయింది. సీజన్ మొత్తంలో ఓటమి లేదు, కప్పు లేదు. అటు 1985లో కొరిటీబా, కొట్టిన గోల్స్ కంటే తిన్న గోల్స్ ఎక్కువగా ఉండి కూడా ఛాంపియన్ అయింది. ఎవరి అదృష్టం వాళ్లది.

సరే, ఇప్పుడు అసలు కథ. గ్వరానీ అనే క్లబ్‌ని కాస్త దగ్గరగా చూడండి. సావో పాలో రాష్ట్రంలో కాంపినాస్ అనే ఊరు. రాజధాని కాదు, పెద్ద పేరున్న క్లబ్ కాదు. 1978లో ఈ గ్వరానీ నేషనల్ ఛాంపియన్ అయింది. ఆ జట్టులో 17 ఏళ్ల కుర్రాడు ఒకడు, పేరు కరేకా. మన మాటల్లో చెప్పాలంటే ఊరు పెంచిన బిడ్డ.

ఎనిమిదేళ్లకి గ్వరానీ మళ్లీ ఫైనల్‌కి వచ్చింది. అది 1986 సీజన్, కానీ కోర్టు గొడవలతో లేటై ఫైనల్ 1987 ఫిబ్రవరి 25న జరిగింది. సొంత గ్రౌండ్. ఎదురుగా సావో పాలో. ఆ సావో పాలో సెంటర్ ఫార్వర్డ్ ఎవరు? కరేకా. 90 నిమిషాలకి 1-1. ఎక్స్‌ట్రా టైమ్ చివరికొచ్చేసరికి గ్వరానీ 3-2తో ముందుంది. ఆట అయిపోతోంది. అప్పుడు కరేకా గోల్ కొట్టాడు. 3-3. పెనాల్టీల్లో సావో పాలో గెలిచింది. నేను ఆ క్లిప్ చాలాసార్లు చూశాను. టైటిల్ తెచ్చిన పిల్లాడే టైటిల్ తీసుకెళ్లాడు.

బాధ ఇక్కడితో అయిపోలేదు. అదే 1987 మధ్యలో బ్రెజిల్ సమాఖ్య, అప్పటికి దాని పేరు సీబీఎఫ్, మా దగ్గర డబ్బుల్లేవు, ఈ ఏడాది ఛాంపియన్‌షిప్ పెట్టలేం అని చేతులెత్తేసింది. 13 పెద్ద క్లబ్బులు కలిసి క్లబ్ ఆఫ్ 13 అని ఒక సంఘం పెట్టి, మేమే నడుపుకుంటాం అన్నాయి. టీవీ డబ్బు గ్లోబో ఛానెల్ ఇచ్చింది, చాలా జెర్సీల మీద కోకా-కోలా వచ్చింది. ఇంకో ముగ్గురిని పిలుచుకుని 16 జట్లతో కోపా యూనియావో అని మొదలుపెట్టారు. ఐడియాగా చూస్తే సూపర్. మ్యాచ్‌లు తక్కువ, క్వాలిటీ ఎక్కువ, స్టేడియాలు నిండాయి.

కానీ ఆ 16లో గ్వరానీ లేదు. మొన్న ఫిబ్రవరిలో నిమిషాల తేడాతో టైటిల్ పోగొట్టుకున్న రన్నరప్‌కి సీటు లేదు. అంతకు ముందు సీజన్ సెమీఫైనల్ ఆడిన రియో అమెరికాకీ లేదు. గ్రౌండ్‌లో ఏం చేశావన్నది కాదు, నీకు ఫ్యాన్స్ ఎంతమంది, టీవీలో నిన్ను ఎంతమంది చూస్తారు అన్నది లెక్క. గల్లీ క్రికెట్‌లో బ్యాట్ ఎవరిదైతే వాడు అవుట్ కాడు కదా, అదే సీన్.

బయట మిగిలిపోయినవాళ్లు గొడవ చేస్తే సీబీఎఫ్ మళ్లీ సీన్‌లోకి వచ్చింది. పెద్దవాళ్లది గ్రీన్ మాడ్యూల్, మిగతా 16 క్లబ్బులది యెల్లో మాడ్యూల్ అంది. రెండింట్లోంచీ టాప్ టూ కలిసి చివర్లో ఆడి ఛాంపియన్ ఎవరో తేల్చుకోవాలి అంది. క్లబ్ ఆఫ్ 13 తరఫున దీనికి సంతకం ఉందని సీబీఎఫ్ వాదన. మేం ఎప్పుడూ ఒప్పుకోలేదని క్లబ్బుల వాదన.

గ్రీన్‌లో జీకో, బెబెటో, రెనాటో ఉన్న ఫ్లమెంగో, ఇంటర్నాసియోనల్‌ని ఓడించి డిసెంబర్ 13న మరకానాలో కప్పు ఎత్తేసింది. యెల్లోలో స్పోర్ట్ రెసీఫే, మన గ్వరానీ ఫైనల్ ఆడాయి. అది ఇంకా వింత. పెనాల్టీ షూటౌట్ 11-11 దాకా వెళ్లింది, అక్కడితో ఆపేశారు! తర్వాత నలుగురూ ఆడాల్సిన రౌండ్‌కి ఫ్లమెంగో, ఇంటర్ రాలేదు. వాకోవర్. మిగిలిన ఇద్దరూ ఆడారు. కాంపినాస్‌లో 1-1, 1988 ఫిబ్రవరి 7న రెసీఫేలో స్పోర్ట్ 1-0. లిబెర్టడోరెస్‌కి బ్రెజిల్ తరఫున వెళ్లింది స్పోర్ట్, గ్వరానీలే. గ్వరానీ మళ్లీ సెకండ్, చూడండి.

తర్వాత ముప్ఫై ఏళ్లు కోర్టు. 1994లో తీర్పు స్పోర్ట్ వైపు. 2011లో సీబీఎఫ్ ఇద్దరూ ఛాంపియన్లే అని ప్రకటించింది. కొన్ని నెలల్లోనే కోర్టు మాట విని వెనక్కి తీసుకుంది. చివరికి కేసు దేశ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో ఫ్లమెంగో అప్పీల్ కొట్టేశారు. 1987 ఛాంపియన్ స్పోర్ట్. ఫ్లమెంగో ఫ్యాన్‌ని అడగండి, ఇప్పటికీ తమ టైటిల్స్‌లో 1987ని కలిపే లెక్కపెడతాడు.

నేనెవరి వైపు అంటే, స్పోర్ట్ వైపు. ఆ ఏడాది దేశంలో బెస్ట్ టీమ్ ఫ్లమెంగోనే, ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది, దాంట్లో నాకు డౌట్ లేదు. కానీ ఆట రాలేదని కాకుండా పేరు లేదని పక్కకి తోసేసినవాళ్లు, చెప్పిన చోటికి చెప్పిన రోజున వచ్చి ఆడారు. ఇంకో లెక్క ఉంది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం, అక్కడ కోట్ల జనం, పేదరికం ఎక్కువ, వలసలు ఎక్కువ. ఆ ప్రాంతం మొత్తానికి ఉన్న నేషనల్ టైటిల్స్ మూడే మూడు. బాహియా 1959, స్పోర్ట్ 1987, బాహియా 1988. రియో వాళ్లకి 1987 పోతే డజన్లలో ఒకటి తగ్గుతుంది. రెసీఫేకి పోతే ఇంకేం లేదు. కామెంట్స్‌లో నాతో గొడవపడొచ్చు, ఏం పర్లేదు.

ఆ తర్వాత బుద్ధి వచ్చిందా? లేదు. బ్రెజిల్‌లో ఒక మాట ఉంది, విరాదా డి మేజా. బల్ల తిరగేయడం అని అర్థం. ఆట పూర్తయ్యాక పెద్దవాళ్ల కోసం రూల్ మార్చడం. 1996లో ఫ్లుమినెన్సే కింది డివిజన్‌కి పడిపోవాలి, పడనివ్వలేదు. 2000లో గామా అనే చిన్న క్లబ్ మమ్మల్ని అన్యాయంగా దింపారని కోర్టుకెళ్తే, లీగ్ పేరే మార్చేసి 116 క్లబ్బులతో కోపా జోవావో హవెలాంజ్ అని పెట్టారు. మూడో డివిజన్ గెలిచిన ఫ్లుమినెన్సే నేరుగా పెద్ద మాడ్యూల్‌లో తేలింది. ఆ టోర్నీలో కింది మాడ్యూల్ నుంచి వచ్చిన సావో కేటానో, 1989లో పుట్టిన పిల్ల క్లబ్, ఫైనల్‌కి వెళ్లింది. 2000 డిసెంబర్ 30న వాస్కో గ్రౌండ్‌లో జనం ఒత్తిడికి కంచె కూలిపోయి 150 మందికి పైగా గాయపడ్డారు. గాయపడినవాళ్లు గ్రౌండ్ మీద పడి ఉంటే, మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టాలని వాస్కో పెద్దమనిషి యూరికో మిరాండా వాదించాడు. మ్యాచ్ ఆగింది. జనవరిలో మరకానాలో మళ్లీ ఆడితే వాస్కో 3-1.

2003లో గానీ మామూలు లీగ్ రాలేదు. అందరూ అందరితో రెండుసార్లు ఆడాలి, ఎక్కువ పాయింట్లు ఎవరివైతే వాళ్లే. అంతే, ఇంత సింపుల్ విషయానికి వందేళ్లు. అదే ఏడాది ఫ్యాన్స్ హక్కుల చట్టం కూడా వచ్చింది, సీజన్ మధ్యలో రూల్స్ మార్చకుండా. అలెక్స్ కెప్టెన్‌గా క్రుజేరో 100 పాయింట్లతో గెలిచింది. 2005లో రిఫరీ ఒకతను బెట్టింగ్ ముఠాతో కలిశాడని తేలి 11 మ్యాచ్‌లు మళ్లీ ఆడించారు, టైటిల్ కొరింథియన్స్‌కి వెళ్లింది, ఇంటర్ ఫ్యాన్స్ ఇప్పటికీ మండిపడతారు. 2006 నుంచి 20 క్లబ్బులు. అప్పటినుంచి ఫార్మాట్ కుదురుగానే ఉంది.

ఫార్మాట్ కుదిరింది. మారడం మొదలైంది గతం. 2010 డిసెంబర్‌లో సీబీఎఫ్ ఆ పాత టాసా బ్రసిల్‌లని, రోబెర్టావోలని కూడా నేషనల్ టైటిల్స్‌గా గుర్తించింది. ఒక్క రోజులో 14 టైటిల్స్ పుట్టాయి. అంతకు ముందు రోజు దాకా అఫీషియల్ లిస్ట్ ప్రకారం పెలే గెలిచిన నేషనల్ ఛాంపియన్‌షిప్‌లు సున్నా. సున్నా! తెల్లారేసరికి ఆరు. ఇది మాత్రం కరెక్టే అనిపిస్తుంది నాకు. ఆడినవాళ్లకి అది దేశంలో పెద్ద కప్పే, లిబెర్టడోరెస్‌కి పంపింది దాన్ని గెలిచినవాళ్లనే. కానీ "మొదటి ఛాంపియన్" అన్న గౌరవం అట్లెటికో చేతిలోంచి బాహియాకి పోయింది.

అట్లెటికో ఊరుకుంటుందా? 1937లో ఛాంపియన్ల టోర్నమెంట్ అని ఒకటి జరిగింది. మినాస్, రియో, సావో పాలో, ఎస్పిరిటో సాంటో రాష్ట్రాల విజేతలు ఆడారు. అట్లెటికో గెలిచింది. వాళ్ల క్లబ్ పాటలో కూడా ఆ గెలుపు ఉంటుంది. పాత కాగితాలన్నీ తీసి సీబీఎఫ్ ముందు పెట్టారు. 2023 ఆగస్టులో సీబీఎఫ్ సరే అంది. అలా 1937 ఇప్పుడు నేషనల్ టైటిల్, మళ్లీ అట్లెటికోనే ఫస్ట్.

ఆ న్యూస్ వచ్చిన రోజు నా మలయాళీ కొలీగ్ వాట్సాప్‌లో వాళ్ల నాన్నగారి వాయిస్ మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. ఆయన చెప్పింది 1971 అట్లెటికో, కరెక్ట్ అయింది 1937 అట్లెటికో. ఆ తేడా చెప్పబోతే వినలేదట. "నేను ముందే చెప్పాను కదా, యాప్ సరిచేయమను" అన్నారట. సరిచేశాను. టేబుల్‌లో కొత్తగా ఒక కాలమ్ వేశాను: ఏ తేదీ నాటికి. 1987 దగ్గర స్పోర్ట్ అనే ఉంది.